ఒక్క రోజులో సరస్సును చుట్టి రావడం ఎలా?

సరస్సు చుట్టూ కారులో తిరిగి రావడం పైకి చాలా తేలికగా కనిపించే పని. నీళ్లను ఒక పక్కన పెట్టుకుని వెళుతూ ఉంటే చివరికి బయలుదేరిన చోటికే చేరతాం, దారి తప్పే భయం లేదు. అందుకే చాలామంది పెట్రోలు పోయించుకుని, ఎటు తోస్తే అటు తిరిగి వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లాను. పొద్దున్నే సూర్యుడు నేరుగా కళ్లలో పడ్డాడు. నీళ్లేమో రోడ్డుకు అవతలి పక్కన ఉండిపోయాయి. ఆగాలనిపించిన ప్రతిచోటా ఎదురుగా వచ్చే వాహనాలను దాటాల్సి రావడంతో సగం చోట్ల ఆగకుండానే సాగిపోయాం. సాయంత్రం వెలుతురు బంగారంలా మారే వేళకు మేమున్న ఒడ్డున చెట్లు తప్ప మరేమీ కనిపించలేదు. సరస్సు బాగుంది, రోడ్డూ బాగుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి అన్న రెండు ప్రశ్నలకు ముందు రోజే జవాబు చూసుకోకపోవడం వల్లే ఆ రోజు చేజారిపోయింది.

మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

1. ఒక రోజుకు సరిపడే సరస్సేనా?

అమెరికాలోని క్రేటర్ లేక్ అంచున సాగే రోడ్డు చుట్టుకొలత సుమారు 53 కిలోమీటర్లు. అక్కడి తాహో సరస్సును చుట్టి రావాలంటే దాదాపు 116 కిలోమీటర్లు. ఈ రెండూ ఒక రోజులో హాయిగా తిరగగలిగినవే. జపాన్‌లోని బివా సరస్సు చుట్టూ సుమారు 200 కిలోమీటర్లు ఉంటుంది. ఒక రోజులో పూర్తి చేయవచ్చు కానీ చూసే సమయం తగ్గి, నడిపే సమయం పెరుగుతుంది. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు చుట్టూ ఉన్న దారి 2,000 కిలోమీటర్లు దాటుతుంది, దానికి రోజులు కావాలి. రష్యాలోని బైకాల్ సరస్సును పూర్తిగా చుట్టే రోడ్డే లేదు. నా మటుకు నేను 150 కిలోమీటర్లు దాటితే మొత్తం చుట్టే ఆలోచన మానుకుని, బాగున్న ఒక తీరాన్నే ఎంచుకుంటాను.

సరస్సు ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే చాలదు. గుండ్రటి సరస్సుకూ, వేళ్లు చాపినట్టు కొండల మధ్యకు పాకిన సరస్సుకూ చాలా తేడా ఉంటుంది. రెండో రకంలో ఎదురుగా కనిపించే ఊరికి చేరడానికి గంట పట్టవచ్చు. ఇలాంటి చోట కార్లను దాటించే పడవలు ఉన్నాయేమో చూడండి. ఇటలీలోని కోమో సరస్సు మధ్యలో అలాంటి పడవ ఉంది, చాలా దూరం కలిసొస్తుంది. లెమాన్ (జెనీవా సరస్సు) లాంటిది స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ అనే రెండు దేశాల మధ్య ఉంటుంది, అక్కడ ప్రయాణ పత్రాలు, బండి కాగితాలు రెండు వైపులా చెల్లేవిగా ఉండాలి.

తరువాత ఉపగ్రహ చిత్రం తెరిచి, రోడ్డు వెంట వేలితో నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లండి. ఈ పనికి అరగంట కేటాయించండి, తక్కువ చేయకండి. మామూలు పటంలో నీళ్లను ఆనుకుని ఉన్నట్టు కనిపించే రోడ్డు నిజానికి కొండ వెనక నుంచో, దట్టమైన చెట్ల మధ్య నుంచో, సొరంగాల్లో నుంచో పోతుండవచ్చు. నీళ్లు నిజంగా కనిపించే ముక్కలను గుర్తు పెట్టుకోండి. అవి మొత్తం చుట్టులో సగమైనా ఉండకపోవచ్చు. జలాశయమైతే ఆనకట్ట మీది రోడ్డు మీద ఆధారపడకండి, చాలా చోట్ల దానిమీదికి సందర్శకుల వాహనాలను రానివ్వరు.

2. ఎటు తిరగాలి?

వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడిచే దేశాల్లో సరస్సును అపసవ్య దిశలో, అంటే ప్రదక్షిణకు వ్యతిరేకంగా చుట్టాలి. అప్పుడు నీళ్లు ఎప్పుడూ ఎడమ చేతి వైపే ఉంటాయి. మన వరుసకూ నీళ్లకూ మధ్య మరో వాహనం రాదు. ఆగాలనిపిస్తే ఎడమకు సిగ్నల్ వేసి నెమ్మదిగా పక్కకు తీస్తే సరిపోతుంది, ఎదురు వాహనాలను దాటే పని లేదు. మళ్లీ రోడ్డెక్కడం కూడా అంతే తేలిక. బివా సరస్సును సైకిళ్ల మీద చుట్టేవారికి అపసవ్య దిశలో తిరగమని చెప్పేదీ ఇందుకే. జపాన్‌లో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి మరి. కుడివైపు నడిపే దేశాల్లో ఇదంతా తిరగబడుతుంది, అక్కడ సవ్య దిశే సరైనది.

ఈ ఒక్క నిర్ణయంతో రోజు స్వభావమే మారిపోతుంది. రోడ్డు దాటాల్సి వస్తే అయిదు చోట్ల ఆగుదామనుకున్నవారు రెండు చోట్ల ఆగుతారు. నీళ్లు పక్కనే ఉంటే అనుకోని చోట కూడా ఆగుతారు, ఆ అనుకోని చోట్లే తరువాత గుర్తుంటాయి.

3. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీటి అందం చాలావరకు వెలుతురు ఎటునుంచి పడుతోందన్న దాని మీద ఉంటుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే నీటి పైతలం అద్దంలా కాంతిని మన కళ్ల మీదికి తిప్పికొడుతుంది, తళతళ తప్ప రంగు కనిపించదు. సూర్యుడు వీపు వెనక ఉంటే ఆ తళుకు అడ్డం తొలగి, నీటి లోపలినుంచి తిరిగి వచ్చే వెలుతురు కళ్లకు అందుతుంది. నీరు ఎరుపును పీల్చుకుని నీలాన్ని వెదజల్లుతుంది కాబట్టి లోతైన, స్వచ్ఛమైన సరస్సు అప్పుడు గాఢమైన నీలంగా కనిపిస్తుంది. 594 మీటర్ల లోతున్న క్రేటర్ లేక్ నీలానికి అంత పేరు రావడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు దీన్ని రోజుకు అన్వయిద్దాం. ఉత్తరార్ధగోళంలో, ఎడమవైపు నడిపే చోట ఉన్నామనుకోండి. సరస్సు వాయవ్య మూల నుంచి సూర్యోదయ వేళ బయలుదేరండి. పశ్చిమ తీరం మీద ఉంటారు కాబట్టి సూర్యుడు నీటికి అవతలి నుంచి పైకి వస్తాడు. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే మధ్యాహ్నానికి దక్షిణ తీరం చేరతారు. అప్పుడు సూర్యుడు దక్షిణాన, మీ వెనక ఉంటాడు, ఉత్తరంగా పరుచుకున్న నీళ్లు నీలంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం తరువాత తూర్పు తీరం వెంట ఉత్తరానికి ఎక్కండి. సాయంత్రానికి ఈశాన్య మూలకు చేరితే సూర్యుడు నీటి మీదుగా అస్తమిస్తాడు. మిగిలిన ఉత్తర తీరం పడమటికి నడవాల్సిన దారి. సూర్యుడు ఉండగా దాని మీద నడిపితే ఎదురెండ నేరుగా కళ్లలో పడుతుంది, అస్తమించాక అయితే ఆ బాధ ఉండదు.

సూర్యోదయ సూర్యాస్తమయాలకన్నా ఎదుటి కొండల మీద పడే వెలుతురు ముఖ్యమనుకుంటే పొద్దున తూర్పు తీరం, సాయంత్రం పశ్చిమ తీరం ఎంచుకోవాలి, సూర్యుడు రోజంతా వెనకే ఉంటాడు. కుడివైపు నడిపే దేశాల్లో ఈశాన్య మూల నుంచి సవ్య దిశలో బయలుదేరితే ఇది దానంతట అదే జరుగుతుంది. దక్షిణార్ధగోళంలో మధ్యాహ్న సూర్యుడు ఉత్తరాన ఉంటాడని మరచిపోకండి. న్యూజిలాండ్‌లో అయితే ఆగ్నేయ మూల నుంచి అపసవ్య దిశలో తూర్పు, ఉత్తరం, పడమర తీరాల మీదుగా తిరగడం మేలు. భూమధ్యరేఖకు దగ్గరగా, సూర్యుడు నడినెత్తికి వచ్చే నెలల్లో మధ్యాహ్నం ఏ తీరాన ఉన్నా పెద్ద తేడా ఉండదు, ఉదయం సాయంత్రం లెక్క మాత్రం మారదు.

మీ ఊరి రోడ్డు సరస్సును వేరే మూల కలుస్తుంటే? పది ఇరవై కిలోమీటర్ల తేడా అయితే చీకటితోనే బయలుదేరి సరైన మూలకు చేరండి. అంతకన్నా ఎక్కువైతే సూర్యోదయాన్ని వదులుకోండి కానీ తిరిగే దిశను మాత్రం మార్చకండి.

తొలి గంటను వీలైనంత వరకు కాపాడుకోమని ఎందుకు చెబుతున్నానో ఒక తెల్లవారుజాము చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ ఆపి, తలుపు చప్పుడు కాకుండా వేసి, ఒడ్డున నిలబడ్డాం. ఎదుటి కొండ మొత్తం నీళ్లలో తలకిందులుగా ఉంది, ఒక్క ముడత లేదు. చల్లని గాలి తగిలిన వెచ్చని నీటి నుంచి సన్నటి పొగమంచు పోగులుగా లేచి అక్కడక్కడే తిరుగుతోంది. ఎండ ఒడ్డు మీద కాస్త పాకాక దూరంగా నీటి మీద ఒక నల్లటి గీత కనిపించింది. అది మా వైపు జరుగుతూ వచ్చింది, అది దాటిన చోటల్లా కొండ నీడ చెదిరిపోయింది. నేల నీటికన్నా త్వరగా వేడెక్కి, దాని పైనున్న గాలి లేచిపోతే, ఆ ఖాళీలోకి సరస్సు మీది చల్లగాలి వీస్తుంది. ఆ గాలి మొదలైతే అద్దంలాంటి నీరు మళ్లీ సాయంత్రం దాకా దొరకడం కష్టం.

4. గంటల లెక్క

120 కిలోమీటర్ల చుట్టు, ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి సూర్యాస్తమయం అనుకుందాం. సరస్సు రోడ్లకు మలుపులు ఎక్కువ కాబట్టి సగటున గంటకు 40 కిలోమీటర్లకు మించి లెక్క వేయకండి. అంటే నడపడానికి మూడు గంటలు. అందులో పగటి వంతు 90 కిలోమీటర్లు, రెండుంపావు గంటలు. ఆగే చోట్లు అయిదు, ఒక్కొక్కటి నలభై నిమిషాలు. భోజనానికి, ఆ తరువాత విశ్రాంతికి గంటన్నర. మొత్తం కలిపితే ఏడు గంటలు దాటుతుంది. పన్నెండు గంటల పగటిలో ఇంకా నాలుగు గంటలకు పైగా మిగులుతుంది. దాన్ని కొత్త చోట్లతో నింపేయాలన్న కోరిక కలుగుతుంది. నింపకండి. ట్రాఫిక్ ఆగినా, పిల్లలకు నిద్ర వచ్చినా, ఒక చోటు మరీ నచ్చినా ఆ గంటలే ఆదుకుంటాయి.

నేను ఒక చిన్న కాగితం మీద మూడు వరుసలే రాసి డ్యాష్‌బోర్డుకు అంటిస్తాను: దక్షిణ తీరానికి ఎప్పటికి చేరాలి, అక్కడి నుంచి ఎప్పుడు కదలాలి, సూర్యాస్తమయం చోటికి ఎప్పటికి చేరాలి. ఈ మూడు సమయాలు కుదిరితే మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగినా ఫరవాలేదు.

5. దూరపు సగం రోడ్డు తెరిచే ఉందా?

చుట్టు ప్రయాణానికి మాత్రమే ఉండే చిక్కు ఒకటుంది. సగం దాటాక వెనక్కి తిరగడం కన్నా ముందుకు వెళ్లడమే దగ్గర. కానీ ముప్పావు దూరంలో రోడ్డు మూసి ఉంటే 90 కిలోమీటర్లు వచ్చినవారు ఆ 90 కిలోమీటర్లూ వెనక్కి వెళ్లాలి. కాబట్టి ముందు రోజు సాయంత్రం చివరి సగం గురించే ఎక్కువగా వాకబు చేయండి: మరమ్మతులు, కొండచరియలు, వరద నీరు, అడవి గుండా పోయే రోడ్లయితే రాత్రి మూసివేత వేళలు. ఎత్తయిన చోట్ల మంచు కూడా చూసుకోవాలి. క్రేటర్ లేక్ చుట్టు రోడ్డు శీతకాలమంతా మంచు కిందే ఉండి, వేసవి వచ్చాకే పూర్తిగా తెరుచుకుంటుంది.

పెట్రోలు చుట్టుకొలతకు రెట్టింపు దూరానికి సరిపడా ఉండాలి. దారిలో సిగ్నల్ అందదనే లెక్కతో పటాన్ని ముందే ఫోనులోకి దించుకోండి. స్టెప్నీలో గాలి చూసుకోండి.

6. ఆగే చోట్లు

ఉపగ్రహ చిత్రంలో గుర్తించిన ముక్కల్లోంచి అయిదు ఎంచుకోండి, ఒక్కొక్కటి ఒక్కో రకంగా ఉండాలి. ఒకటి ఎత్తు మీది నుంచి మొత్తం సరస్సు కనిపించేది, ఒకటి నీటిని చేత్తో తాకగలిగేది, ఒకటి వాగు వచ్చి కలిసే చోటు. వాగులు కలిసే చోట నీరు లోతు తక్కువగా, రెల్లు గడ్డితో ఉంటుంది, పక్షులు ఎక్కువగా కనిపించేది అక్కడే. ఇలా ఎంచుకోకపోతే అయిదు చోట్లా ఒకే దృశ్యం చూసినట్టు ఉంటుంది.

ఎత్తు చోటును పొగమంచు విడిచాక పెట్టుకోండి. నీటి ఒడ్డున సాయంత్రం ఎక్కువసేపు కూర్చోవాలంటే దోమలు, చిరుపురుగుల బాధ లేకుండా నిండు చేతుల బట్టలు తీసుకెళ్లండి. ఐస్‌లాండ్‌లోని ఒక ప్రసిద్ధ సరస్సు పేరు మీవత్న్, ఆ మాటకు అర్థమే దోమల్లాంటి చిరుపురుగుల సరస్సు.

బండిని మెత్తటి ఒడ్డు మీదికి దించకండి, నీటి వైపు ముఖం పెట్టి వాలులో నిలపకండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో కూడా ఉంచండి. పాచి పట్టిన రాళ్ల మీద కాలు పెట్టవద్దని పిల్లలకు దిగకముందే చెప్పండి. జలాశయంలో నీటిమట్టం మారుతూ ఉంటుంది. ఒడ్డు దగ్గర మోకాలి లోతే అనిపించినా రెండడుగుల అవతల నేల ఒక్కసారిగా దిగిపోవచ్చు. ఆనకట్ట దిగువన ఏటి గర్భంలోకి అసలు దిగకండి, నీరు ఎప్పుడు వదులుతారో తెలియదు.

7. నడిపేవారు కూడా చూడాలి

చుట్టూ తిరిగినంతసేపూ రోడ్డునే చూసే మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి ఒక్కసారి తల తిప్పినా ప్రమాదమే. ఇద్దరికి నడపడం వస్తే దక్షిణ తీరం దగ్గర మారండి. ఒక్కరే అయితే ఆగిన ప్రతిచోటా ముందుగా దిగి నీళ్ల దగ్గరికి వెళ్లాల్సింది వారే, సామాన్లు దించే పని మిగతావాళ్లు చూసుకోవాలి. నీటి వైపు కిటికీ పక్కన కూర్చునేవారు కూడా దక్షిణ తీరం దగ్గరే వంతు మారాలి. మలుపుల్లో కడుపులో తిప్పే వారిని ముందు సీటులో కూర్చోబెట్టండి.

ఈశాన్య మూలలో సూర్యుడు దిగిపోయాక వెంటనే తాళం తిప్పకండి. నీటి మీద వెలుతురు ఇంకో ఇరవై నిమిషాలు ఉంటుంది, నారింజ నుంచి బూడిద రంగులోకి మారే ఆ కాసేపట్లో గాలి కూడా పడిపోతుంది. అప్పటికి ఎదుటి కొండ నీడ మళ్లీ నీళ్లలోకి వచ్చి ఉంటుంది. దాన్ని చూసి, దీపాలు వేసుకుని, మిగిలిన 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.