నాపా వారాంతం, దారిలో కాస్ట్‌కో: ఎండలు, మంటల సీజన్‌లో జాగ్రత్తలు

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగువాళ్లకు శనాదివారాల్లో, సభ్యత్వ కార్డు మీద టోకుగా సరుకులమ్మే కాస్ట్‌కో ఎలాగూ తప్పదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, వేరే రాష్ట్రం నుంచి స్నేహితులు దిగినా వైన్‌కు పేరున్న నాపా, సొనోమా లోయలు కూడా తప్పవు. రెండూ ఒకే ట్రిప్పులో అయిపోతే టైము కలిసొస్తుందనిపిస్తుంది. కానీ ద్రాక్ష కోతలు జరిగే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే అక్కడ ఎండలు, కార్చిచ్చులు కూడా ఎక్కువ. ఆ నెలల్లో ఏ పని ముందు చేశారు, ఏది తర్వాత చేశారు అన్నదాని మీదే సగం జాగ్రత్త ఆధారపడి ఉంటుంది.

కాస్ట్‌కోకి వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా?

వెళ్లేటప్పుడైతే ఎండు సరుకులు, నీళ్ల సీసాలు, టిష్యూలు మాత్రమే కొనండి. పాలు, చికెన్, పెరుగు, కోడిగుడ్లు తిరిగొచ్చాక, ఇంటి దగ్గరి స్టోర్‌లోనే తీసుకోండి. బయట 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే, అద్దాలు మూసిన కారులో గంట తిరిగేసరికి 130 దాకా పోతుంది. 40 డిగ్రీల లోపు ఉండాల్సిన సరుకు మామూలుగా బయట రెండు గంటలు ఆగుతుంది. 90 దాటిన రోజున ఆ గడువు గంటే. వైన్ తయారుచేసే వైనరీలో, రకాలు రుచి చూసే ఒక్క టేస్టింగుకే గంటన్నర పడుతుంది కదా. ఇంటికొచ్చాక ముట్టుకుంటే చల్లగానే ఉందని ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. మధ్యలో పెరిగిన బ్యాక్టీరియాను మళ్లీ చల్లబరిచినంత మాత్రాన చంపలేం, కొన్ని రకాలు వదిలిన విషం వండినా పోదు.

అమ్మానాన్నలను లోపలికి తీసుకెళ్లడానికి వాళ్లకు వేరే కార్డు అక్కర్లేదు. సభ్యుడితో పాటు ఇద్దరు అతిథులు రావచ్చు. బిల్లు మాత్రం సభ్యుడే కట్టాలి. స్టోర్‌లో క్రెడిట్ కార్డయితే వీసా ఒక్కటే నడుస్తుంది.

పిక్నిక్ డబ్బాలో పులిహోర, చపాతీలు పెడితే పనైపోతుంది. దద్దోజనం పెట్టాలనుకుంటే ఐసు వేసిన కూలర్‌లోనే, తినే ముందు మాత్రమే తీయాలి. అయితే వైనరీల్లో చాలావాటిలో బయటి తిండికి అనుమతి ఉండదు. బుక్ చేసేటప్పుడే అడగండి. సెయింట్ హెలీనా, కాలిస్టోగాల మధ్య బోతే-నాపా వ్యాలీ స్టేట్ పార్కులో చెట్ల కింద బల్లలుంటాయి. డబ్బాలు విప్పుకోవడానికి అదే మేలు.

బండి నడిపేది ఎవరు?

ఇది ఇంట్లో బయల్దేరే ముందే తేలాలి. అక్కడికెళ్లాక "నేనొక్క గుటకేలే" అనేవాళ్లే అందరూ.

లెక్క చూడండి. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింకంటే 12 శాతం వైన్ 5 ఔన్సులు, దాదాపు 150 మిల్లీలీటర్లు. నాపాలో దొరికే కాబర్నే అనే ఎర్ర వైన్ 14, 15 శాతం దాకా ఉంటుంది. టేస్టింగులో ఐదు రకాలు, ఒక్కోటి 2 ఔన్సులు పోశారనుకుంటే మొత్తం 10 ఔన్సులు, 14.5 శాతం మీద దాదాపు రెండున్నర డ్రింకులు. అలాంటి వైనరీలు మూడు తిరిగితే ఏడు దాటుతుంది. శరీరం గంటకు సుమారు ఒక డ్రింకునే తేల్చుకోగలదు. కాఫీ, చల్లనీళ్లు, మజ్జిగ ఏవీ దాన్ని తొందరపెట్టవు. చిన్న గ్లాసుల్లో కొంచెం కొంచెంగా పోస్తారు కాబట్టి తాగుతున్నట్టే అనిపించదు, మోసమంతా అక్కడే. కౌంటర్ మీద గిన్నెలాంటిది పెడతారు చూడండి, అది నోట్లోది ఉమ్మడానికే. రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లందరూ ఉమ్ముతారు. అక్కడ మొహమాటపడాల్సిన పని లేదు.

కాలిఫోర్నియాలో బండి నడిపేవాళ్ల రక్తంలో ఆల్కహాలు పరిమితి 0.08 శాతం. 21 ఏళ్ల లోపు వాళ్లకు 0.01 ఉన్నా తప్పే. పెద్దవాళ్లకు 0.08 కంటే తక్కువున్నా నడక తడబడితే, బండి వంకరగా పోతే కేసు పెట్టొచ్చు. అరెస్టయితే పది రోజుల్లోగా లైసెన్సులిచ్చే డీఎంవీని హియరింగ్ అడగాలి, లేదంటే లైసెన్సు సస్పెన్షన్ దానంతట అదే మొదలైపోతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ కూడా ఉంది. కోర్టు ఏదీ తేల్చకముందే, అరెస్టు ఆధారంగానే విదేశాంగ శాఖ పాస్‌పోర్టులోని వీసాను రద్దు చేయగలదు. ఇక్కడ ఉండే హోదా వెంటనే పోదు. కానీ పండక్కి ఇండియా వెళ్తే, తిరిగి రావడానికి కొత్త వీసా, దానికి ముందు వైద్య పరీక్ష. డ్రైవర్‌కిచ్చే డబ్బులు దీని ముందు ఏపాటి? గంటల లెక్కన మీ కారే నడిపే డ్రైవర్లు నాపాలో దొరుకుతారు. ఉబర్‌లో వెళ్లడం సులువే, సాయంత్రం కొండ మీది వైనరీ నుంచి తిరిగొచ్చే బండే దొరకదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే కార్ సీటు కూడా మీరే పట్టుకెళ్లాలి.

మూత తీసి మళ్లీ బిరడా పెట్టిన సీసా డిక్కీలోనే ఉండాలి. ఎస్‌యూవీ, మినీవ్యాన్‌లకు వేరే డిక్కీ ఉండదు కనుక చివరి సీట్ల వెనక, మనుషులు కూర్చోని చోట పెట్టాలి. తాళం వేసిన పెట్టె అయినా పరవాలేదు. గ్లోవ్ బాక్సులో పెడితే మాత్రం కారులో చేతికందేలా పెట్టుకున్నట్టే లెక్క.

పెద్దవాళ్ల విషయంలో ఒక మాట. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో వైన్ పుచ్చుకుంటే షుగర్ దిగజారుతుంది. చెమటలు, తడబాటు చూసి వైన్ ఎక్కిందనుకుంటారు, అసలు కారణం అది కాకపోవచ్చు. తినిపించాకే రుచి చూడనివ్వండి, గ్లూకోజ్ మీటర్ సంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ ఎప్పుడూ కారులో వదలొద్దు.

మంటల విషయం

2017 అక్టోబరు 8 రాత్రి కాలిస్టోగా దగ్గర మొదలైన టబ్స్ కార్చిచ్చు తెల్లారేలోపు శాంటా రోసాలోకి వచ్చేసింది. 22 మంది చనిపోయారు. 2020 సెప్టెంబరు 27న మొదలైన గ్లాస్ ఫైర్ సెయింట్ హెలీనా, కాలిస్టోగాల చుట్టూ వైనరీలను, ఇళ్లను కాల్చింది. ఈశాన్యం నుంచి వీచే పొడి గాలులు శరదృతువులో నిప్పును ఇలా పరిగెత్తిస్తాయి. వేసవంతా ఎండిన గడ్డికి ఆ గాలి తోడైతే గంటల్లో ఊళ్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.

బయల్దేరే ముందురోజు వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక, అంటే మంటలు వేగంగా వ్యాపించే వాతావరణమని చెప్పేది, ఉందేమో చూడండి. ఉంటే, లోయ ఉత్తరపు కొసకు వెళ్లడం మానేసి వాయిదా వేసుకోవడమే మంచిది. రద్దు చేస్తే పోయే రిజర్వేషన్ డబ్బులు చూసి వెనకాడొద్దు. ముందే ఫోన్ చేసి పొగ, మంటల కారణం చెబితే తేదీ మార్చే వైనరీలు ఉన్నాయి. 1990 నుంచి నాపా కౌంటీ నిబంధన ప్రకారం కొత్త వైనరీలన్నిట్లో అపాయింట్‌మెంట్ తప్పనిసరి కాబట్టి మీ నంబరు వాళ్ల దగ్గర ఉంటుంది.

వెళ్లే ఊరి జిప్ కోడ్‌ను, నాపా అయితే 94558, 888777 నంబరుకు మెసేజ్ చేయండి. అత్యవసర సందేశాలు ఫోనుకే వస్తాయి. మంటలు ఎక్కడున్నాయో చూపే వాచ్ డ్యూటీ యాప్ కూడా పెట్టుకోండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. లోయలో నిలువుగా పోయే పెద్ద రోడ్లు రెండే, హైవే 29, సిల్వరాడో ట్రెయిల్. మామూలు ఆదివారం సాయంత్రమే 29 మీద బండ్లు కదలవు. మంటలొస్తే రెండూ నిండిపోతాయి. అందుకే ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచండి. గాలులప్పుడు కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తుంది, పెట్రోలు పంపులు, ఛార్జింగ్ స్టేషన్లు ఆగిపోవచ్చు. ఎలక్ట్రిక్ కారుంటే ఇంట్లోనే నిండా ఛార్జ్ చేసుకోండి. "ఎవాక్యుయేషన్ వార్నింగ్" అంటే ఊరు ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉండమని. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే అప్పుడే బయల్దేరాలి, "ఆర్డర్" కోసం ఆగకూడదు. గాలి నాణ్యత సూచీ 150 దాటితే బయటి బల్లల మీద కూర్చోవడం అందరికీ చెడ్డదే. తలకొక ఎన్-95 మాస్కు కారులో ఉంచండి, గుడ్డ మాస్కు పొగను ఆపలేదు.

కొన్న సీసాలు

వైన్‌కు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ హాయి. 80 దాటితే పాడవుతుంది, ఎండలో కారులో వదిలితే లోపలి గాలి, ద్రవం వ్యాకోచించి బిరడాను పైకి తన్నేస్తుంది, అంచున జిగటగా కారుతుంది. అలాంటి వైన్ ఉడికిన పండ్ల జాములా ఉంటుంది. కొన్నవి సాయంత్రం వరకు వైనరీలోనే ఉంచమనండి. పార్సిల్ పంపిస్తామంటే చల్లబడే దాకా ఆపమని చెప్పొచ్చు.

ఇంటికొచ్చాక కాస్ట్‌కో సరుకుల పని మొదలు. చికెన్ ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. ఒక పూటకు సరిపడా విడదీసి, జిప్ సంచుల్లో అంగుళం మందాన పలచగా పరిచి గడ్డకట్టించండి. గుట్టగా పెడితే మధ్యభాగం గడ్డకట్టడానికీ, కరగడానికీ చాలా టైము పడుతుంది. బియ్యం, పప్పులు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే గుడ్లతో సహా పురుగు చస్తుంది. తర్వాత సంచి గది వేడికి వచ్చేదాకా విప్పకండి, విప్పితే లోపల తేమ చేరి బూజు పడుతుంది. బాదం, గోధుమపిండి నూనె వాసన కొడతాయి కనుక నెలకు పైబడిన భాగం ఫ్రిజ్‌లోకి పోవాలి. నెయ్యికి ఉప్పులేని వెన్న తీసుకోండి. ఒక పౌను నుంచి ముప్పావు పౌను కంటే కాస్త ఎక్కువ నెయ్యి వస్తుంది, దాన్నిబట్టి సీసాలు సిద్ధం చేసుకోండి.

అమ్మానాన్నలు ఇండియా తీసుకెళ్లే వైన్‌కు లెక్క ఉంది. పన్ను లేకుండా మనిషికి 2 లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండు, మూడోది పెడితే 2.25 అయి పన్ను పడుతుంది. ఇద్దరూ వెళ్తుంటే ఎవరి పెట్టెలో రెండు వాళ్లవి, చెక్-ఇన్ పెట్టెలోనే, బిల్లు చేతి సంచిలో.