ఊరి లైబ్రరీలో మన ఆర్టిస్టుల బొమ్మల ఎగ్జిబిషన్ ఎలా పెట్టాలి?

హైదరాబాద్ వెళ్లి గ్యాలరీ అద్దెకి తీసుకుని బొమ్మలు పెట్టడం మనలాంటి చిన్న ఊరి ఆర్టిస్టులకి అయ్యే పని కాదు, అద్దె ఒకెత్తు, అద్దాల ఫ్రేములు బస్సులో మోసుకెళ్లడం ఇంకో ఎత్తు. కానీ మన మండలంలో శాఖా గ్రంథాలయం ఉంటుంది కదా, పొద్దున్నే పేపర్ కోసం వచ్చే పెద్దమనుషులు, గ్రూప్స్‌కి కానిస్టేబుల్ పరీక్షలకి చదువుకునే పిల్లలు, రోజూ ఉంటారు. గ్యాలరీకైతే జనాన్ని పిలుచుకోవాలి, ఇక్కడ జనం ముందే కుర్చీల్లో కూర్చుని ఉంటారు. మా ఊళ్లో మేం రెండుసార్లు పెట్టాం. మొదటిసారి అంతా గందరగోళం, రెండోసారి పర్వాలేదు అనిపించింది. ఆ రెంటిలో తెలిసింది రాస్తున్నా.

ముందు వారం రోజులు ఊరికే వెళ్లి కూర్చోండి

అడగడానికి ముందే ఇది చేయాలి. ఏ గోడ ఖాళీ, ఏ గోడకి బీరువాలు, ఎండ ఎటు నుంచి పడుతుంది, వానాకాలం చెమ్మ ఏ మూల దిగింది, పేపర్ల టేబుల్ ఎక్కడుంది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో గీసుకోండి. టేపు పెట్టి కొలవండి. మా లైబ్రరీలో చూస్తే పెద్ద హాలు అనిపిస్తుంది గానీ బీరువాలు పోను మిగిలిన గోడ 31 అడుగులే వచ్చింది. రెండడుగుల వెడల్పు బొమ్మ, పక్కన ఒక అడుగు గ్యాప్ అనుకుంటే పదికి మించి పట్టవు, మేమేమో నలభై బొమ్మలు తెస్తామని అందరికీ మాటిచ్చేశాం! అందుకే గోడ కొలిచాకే ఆర్టిస్టులకి ఫోన్ చేయండి. బీరువా పైన పెడదాంలే అంటారు ఎవరో ఒకరు, ఒప్పుకోవద్దు, ఆ ఎత్తులో బొమ్మ ఎవరికీ కనిపించదు, మెడ నొప్పి తప్ప.

పర్మిషన్

లైబ్రేరియన్ గారు మంచాయనే అయినా ఆయన చేతిలో అన్నీ ఉండవు, పైన జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంటుంది. కార్యదర్శి గారి పేరు మీద ఒక పేజీ లెటర్ రాసి, లైబ్రేరియన్ గారి ద్వారా పంపండి, ఆయన్ని దాటి నేరుగా పైకి వెళ్తే ఆయనకి బాధ, తర్వాత స్టూల్ కావాలన్నా దొరకదు. లెటర్‌లో తేదీలు, ఎన్ని బొమ్మలు, గోడకి మేకులు కొట్టం, మైకు పెట్టం, అమ్మకాలు ఉండవు, అయిపోయాక గోడ ఎలా ఉందో అలా అప్పజెప్తాం, ఈ ముక్కలు ఉంటే చాలు. వాళ్ల భయమంతా మేకుల గురించీ గొడవ గురించే.

టైమింగ్ ముఖ్యం. ప్రతి సంవత్సరం నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, పిల్లలకి పోటీలు, ఉపన్యాసాలు పెడతారు. ఆ వారానికి ఏదో ఒక ప్రోగ్రాం వాళ్లకి కూడా కావాలి, సెప్టెంబర్‌లోనే అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. దేబిరించాల్సిన పని లేదు, మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది, 1960 గ్రంథాలయ చట్టంలో ఉన్న సెస్సే ఇది. కాబట్టి ఆ గోడ మనది కూడా. కాకపోతే ఈ మాట లైబ్రేరియన్ గారి ముందు అనకండి, మనసులో పెట్టుకుని మర్యాదగా అడగండి.

బొమ్మలు ఎంచుకోవడం

ఆర్టిస్టులంటే కాలేజీలో ఫైన్ ఆర్ట్స్ చదివినోళ్లే అనుకోకండి. సైన్ బోర్డులు రాసే అన్న, స్కూల్ డ్రాయింగ్ సారు, ముగ్గుల్లో ప్రైజులు కొట్టిన వదిన, అందరినీ అడగండి. చిత్రకారుడు కాపు రాజయ్య గారు సిద్దిపేట మనిషే కదా, బోనాలు బతుకమ్మ గీసే పేరు తెచ్చుకున్నారు. చేర్యాల నకాషి వాళ్లయితే ఊరూరా కథలు చెప్పేవాళ్ల కోసం గజాల కొద్దీ పటాలు గీశారు. మన దగ్గర గీసేవాళ్లకి కొదవ లేదు, చూపించే చోటే తక్కువ. ఒక్కొక్కరికి రెండు బొమ్మలు అని ముందే చెప్పేయండి, లేకపోతే ఒకాయన పన్నెండు తెస్తాడు, మొహమాటంతో చస్తాం.

బొమ్మ చేతికి రాగానే రిజిస్టర్‌లో రాయండి: పేరు, బొమ్మ పేరు, సైజు, దేంతో గీశారు, ఫ్రేముకి ముందే గీత ఉందా, అద్దం పగిలిందా. ఫోన్‌లో ముందూ వెనకా ఫోటో తీసి, సంతకం పెట్టించి, ఒక కాపీ ఆర్టిస్టుకి ఇవ్వండి. స్నేహితులే కదా అనుకుంటాం గానీ గీత పడిన ఫ్రేము దగ్గర స్నేహాలు తేలిపోతాయి.

వేలాడదీయడం

ఇక్కడ నిదానంగా చదవండి, మేం ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి డబుల్ సైడ్ టేపుతో అతికించి రాత్రి ఇంటికెళ్లాం, పొద్దున తలుపు తీసేసరికి ఏడు బొమ్మలు కింద, టేపుకి అరచేతంత డిస్టెంపర్ పెచ్చులు. గోడకి మళ్లీ రంగు వేయించడానికి చందాలు వేసుకున్నాం.

రెండోసారి ఇలా చేశాం. ఒక కిటికీ ఊచల నుంచి పక్క కిటికీ ఊచల దాకా ముప్పావు అంగుళం జీఐ పైపు అడ్డంగా పెట్టి బైండింగ్ వైరుతో బిగించాం, పైపు పొడవు ఎక్కువైతే మధ్యలో వంగుతుంది, అప్పుడు కింద నుంచి ఒక కర్ర ఊతం ఇవ్వాలి. పైపుకి చేపల గాలానికి వాడే లావు టంగూసు (నైలాన్ దారం) కట్టి బొమ్మలు వేలాడదీశాం. టంగూసు మామూలు ముడికి జారిపోతుంది, ఐదారు సార్లు మెలేసి కొసని మొదటి లూపులోంచి తీసి తడి చేసి లాగాలి, గాలం వేసేవాళ్లని అడిగితే నిమిషంలో చూపిస్తారు. ఒక్కో ఫ్రేముకి రెండు దారాలు, రెండు చివర్లకి. ఒక్కటే కడితే పైన ఫ్యాన్ వేయగానే బొమ్మ గింగిరాలు తిరుగుతుంది, మాకు అది కూడా అయింది.

ఎత్తు లెక్క: బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల్లో ఉండాలి, అది నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తు. ఉదాహరణకి పైపు 84 అంగుళాల ఎత్తులో ఉంది, బొమ్మ ఎత్తు 24 అనుకోండి. సగం 12, అంటే బొమ్మ పై అంచు 70లో రావాలి. ఫ్రేము వెనక కొక్కెం పై అంచుకి 3 అంగుళాలు కిందుంటే అది 67. 84 లోంచి 67 తీసేస్తే 17, దారం అంత పొడవు వేలాడాలి. ముడికి పోయేది వేరేగా కలుపుకోండి. చిన్నవైనా పెద్దవైనా మధ్యభాగాలు ఒకే గీతలో రావాలి, పై అంచులు కలపాలని చూడకండి.

కొక్కెం కాస్త కిందుంటే ఫ్రేము పైభాగం ముందుకి వంగుతుంది, దానివల్ల ట్యూబ్‌లైట్ మెరుపు అద్దంలో కళ్లకి కొట్టదు. కింది మూలలకి వెనకాల రబ్బరు ముక్కలు అతికిస్తే గోడ చెమ్మ తగలకుండా గాలి ఆడుతుంది. వాటర్ కలర్స్, స్కెచ్ పెన్ బొమ్మలు పడమటి కిటికీ ఎదురుగా పెట్టొద్దు, ఎండకి వెలిసిపోతాయి, అక్కడ ఆక్రిలిక్ బొమ్మలు పెట్టుకోండి.

ఈ పనంతా సెలవు రోజే పెట్టుకోండి, మాకు శుక్రవారం సెలవు, లైబ్రేరియన్ గారు తాళం తీసి ఆయన కూడా స్టూల్ పట్టుకున్నారు. పేపర్ల టేబుల్ మాత్రం కదపొద్దు. మేం మొదటిసారి ఫోటోలకి అడ్డమని పక్కకి జరిపాం, రోజూ వచ్చే తాతలు నలుగురు మూడు రోజులు మాతో మాట్లాడలేదు.

లేబుళ్లు, ఓపెనింగ్

లేబుల్ తెలుగులో, పెద్ద అక్షరాల్లో, కళ్లద్దాలు లేకుండా కూడా కనబడేలా. పేరు, ఊరు, దేంతో గీశారు, చాలు. "అంతర్మథన తరంగాలు" లాంటి పేర్లు చూసి జనం జడుసుకుంటారు. ఫోన్ నంబర్లు గోడ మీద వద్దు, కొనాలనుకున్నవాళ్లు పేరు రాసిస్తే ఆర్టిస్టే వాళ్లకి ఫోన్ చేసి బయట మాట్లాడుకుంటారు.

ఓపెనింగ్ అరగంటలో ముగించండి. ఫ్లెక్సీ కడితే బొమ్మలకంటే అదే పెద్దగా కనిపిస్తుంది, అందులో ఫోటో లేనాయన అలుగుతాడు. రిబ్బన్ కత్తిరించడానికి మేం అటెండర్ గారినే పిలిచాం.

నడిచిన రోజుల్లో

లైబ్రరీ తెరిచే రెండు పూటలా ఒక ఆర్టిస్టు ఉండేలా వంతులు వేసుకోండి. దూరంగా కూర్చోవాలి, బొమ్మ చూసే మనిషి పక్కకెళ్లి వివరించడం మొదలుపెడితే ఆయన మొహమాటంగా "బాగుంది" అని వెళ్లిపోతాడు. చెప్పాలనుకున్నవాళ్లు వాళ్లే చెప్తారు. మా కుర్రాడొకడు తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడి బొమ్మ పెట్టాడు, నీడలు అవీ బాగా కుదిరాయి, మా అందరికీ అదే ఇష్టం. రెండో రోజు సాయంత్రం పేపర్ మడిచి ఒక పెద్దాయన లేచొచ్చి చాలాసేపు చూశాడు. "మోకు సరిగ్గనే గీసినవ్, ముస్తాదు గూడ ఉన్నది, గుజి యేది బిడ్డా? కాళ్లకు గుజి లేకుంట చెట్టు మీద ఎట్ల నిలవడ్తడు?" అన్నాడు. మోకు అంటే నడుముకీ చెట్టుకీ చుట్టే తాడు, ముస్తాదు కత్తులు పెట్టుకునే నడుము కట్టు, గుజి కాళ్లకి వేసుకునే బంధం. ఆయన నలభై ఏళ్లు తాటిచెట్లెక్కిన మనిషి. కుర్రాడు అక్కడే నోటుబుక్కు తీసి గుజి ఎలా ఉంటుందో ఆయన చేత గీయించుకున్నాడు. అభిప్రాయాల పుస్తకం పెట్టండి గానీ దాంట్లో వచ్చేది "చాలా బాగుంది, అభినందనలు" మాత్రమే, అసలు సంగతులు ఇలా నోటితోనే వస్తాయి, విన్నవి ఆ రోజే రాసి పెట్టుకోండి.

దింపడం

పెట్టినప్పటి హుషారు దింపేటప్పుడు ఉండదు, పదిమందిలో ముగ్గురే వస్తారు, ఆ ముగ్గురు ఎవరో ముందే పేర్లు రాసుకోండి. రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కొక్క బొమ్మా సంతకంతో తిరిగివ్వండి, గోడ తుడిచి లైబ్రేరియన్ గారికి చూపించండి. పైపులూ మిగిలిన టంగూసూ మేం బీరువా వెనకే వదిలేసి వచ్చాం, ఆయనే ఉంచమన్నారు.