ఎలక్ట్రిక్ వయొలిన్‌ను ఎంచుకోవడం, పలికించడం

మామూలు వయొలిన్‌లో తీగ కంపనాన్ని బ్రిడ్జి, అంటే తీగలను మోసే చిన్న చెక్క ముక్క, పై పలకకు అందిస్తుంది, లోపల నిలబెట్టిన సౌండ్ పోస్టు దాన్ని వెనుక పలక దాకా చేరుస్తుంది, బోలుగా ఉన్న పెట్టె దాన్ని నాదంగా మలచి గదిలోకి వదులుతుంది. ఎలక్ట్రిక్ వయొలిన్‌లో ఆ పెట్టె ఉండదు, ఉన్నా దానికి అంత పని ఉండదు. బ్రిడ్జిలోనో దాని పాదాల కిందనో అమర్చిన పికప్ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది, ప్రీఆంప్ ఆ సంకేతాన్ని బలపరుస్తుంది, చివరికి మనం వినేది స్పీకరు పలికిన శబ్దం. అందువల్ల చేతిలోని వాయిద్యాన్ని మాత్రమే చూసి కొన్నవారు సగం వాయిద్యాన్నే కొన్నట్టు లెక్క. నా అభిప్రాయంలో ఓ మోస్తరు వయొలిన్‌కు మంచి ప్రీఆంప్, మంచి స్పీకరు తోడైతే వచ్చే నాదం, ఖరీదైన వయొలిన్‌ను నాసిరకం స్పీకరుకు తగిలిస్తే వచ్చే నాదం కన్నా ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది. కొనే ముందు వేసుకునే లెక్కలో ఈ సంగతి మొదట ఉండాలి.

ఏ రకం, ఎవరికి

స్థూలంగా మూడు దారులున్నాయి. ఇప్పటికే మంచి మామూలు వయొలిన్ ఉండి, అప్పుడప్పుడు మాత్రమే వేదిక మీద శబ్దం పెంచుకోవలసి వచ్చేవారికి, బ్రిడ్జికి తగిలించే పికప్ ఒకటి చాలు. కొత్త వాయిద్యం అక్కరలేదు. రెండో దారి బోలు శరీరం, పికప్ రెండూ ఉన్న ఎలక్ట్రో-అకూస్టిక్ వయొలిన్. దీన్ని వైరు లేకుండానూ వాయించుకోవచ్చు, కానీ డ్రమ్స్, బాస్ గిటార్ పక్కన నిలబడి శబ్దం పెంచితే దాని పెట్టె స్పీకరు శబ్దాన్ని తిరిగి పట్టుకుని కూతపెట్టడం మొదలుపెడుతుంది. మూడోది గట్టి కర్రతోనో, చట్రంలాంటి ఆకృతితోనో చేసిన అసలైన ఎలక్ట్రిక్ వయొలిన్. కూత బెడద దీనికి చాలా తక్కువ. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా సాధన చేసుకోవాలనుకునేవారికీ ఇదే తగినది. యమహా సంస్థ 1997లో సైలెంట్ వయొలిన్ తెచ్చినది ఈ అవసరం కోసమే. అయితే పేరులో సైలెంట్ అని ఉన్నంత మాత్రాన నిశ్శబ్దమని అనుకోరాదు. కమాను తీగ మీద నడిచే సన్నని చప్పుడు అదే గదిలో ఉన్నవారికి వినిపిస్తూనే ఉంటుంది.

ఇంతవరకు వయొలిన్ పట్టనివారు నేరుగా ఎలక్ట్రిక్‌తో మొదలుపెట్టవచ్చా అంటే, పెట్టవచ్చు గానీ నేను ప్రోత్సహించను. కమాను ఒత్తిడి కాస్త తప్పినా మామూలు వయొలిన్ వెంటనే గీరుమంటుంది, లేదా గాలిపోయినట్టు పలుకుతుంది. చెయ్యి దిద్దుకునేది ఆ మందలింపుతోనే. ఎలక్ట్రిక్‌లో వాల్యూమ్, రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని చేర్చే ఎఫెక్టు) కలిసి ఆ తప్పును చాలాకాలం దాచగలవు.

తీగల సంఖ్య విషయంలో నాలుగా, ఐదా అన్నదే చాలామందికి ఎదురయ్యే ప్రశ్న. నాలుగు తీగల వయొలిన్‌లో జి, డి, ఎ, ఇ తీగలుంటాయి. అడుగు స్వరం జి, అంటే 196 హెర్ట్‌జ్. ఐదో తీగ చేరితే వయోలా అడుగు స్వరమైన సి దాకా, అంటే సుమారు 131 హెర్ట్‌జ్ దాకా దిగవచ్చు. గాయకుడి వెనుక మంద్రంలో నిండుగా వాయించదలచినవారికి అది పెద్ద సంపద. కానీ దానికి మూల్యం ఉంది. వయొలిన్‌లో తీగ పలికే పొడవు సుమారు 33 సెంటీమీటర్లే కాబట్టి అంత కింది స్వరం కోసం తీగ లావుగా ఉండక తప్పదు, లావు తీగ కమానుకు కొంత ఆలస్యంగా స్పందిస్తుంది. పైగా అదే బ్రిడ్జి మీద ఐదు తీగలు సర్దుకోవడంతో ఒక తీగ నుంచి మరో తీగకు మారే కోణం తగ్గి, కమాను పక్క తీగను తాకే ప్రమాదం పెరుగుతుంది. ఆరు, ఏడు తీగల వాటికీ, గిటార్‌కు లాగా ఫింగర్ బోర్డు మీద మెట్లున్న వాటికీ అభిమానులున్నారు. భారతీయ వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ రెండు మెడలు, పది తీగలు ఉన్న డబుల్ వయొలిన్ చేయించుకుని దానిని ప్రపంచ వేదికల మీద వాయించారు. మొదటి ఎలక్ట్రిక్ వయొలిన్‌గా మాత్రం నాలుగు తీగలదే మేలు. మెట్లు స్వరస్థానాన్ని కాపాడతాయన్నది నిజమే గానీ, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారేటప్పుడు ఆ మెట్లు చెవికి తెలుస్తాయి. జారుడు కోసమే వయొలిన్ పట్టినవారికి అది నచ్చదు.

పికప్, ప్రీఆంప్: పలుచని నాదానికి అసలు కారణం

ఎలక్ట్రిక్ వయొలిన్లలో ఎక్కువగా ఉండేది పీజో పికప్. ఒత్తిడికి గురైనప్పుడు స్వల్పంగా విద్యుత్తు పుట్టించే స్ఫటికమో సిరామిక్ ముక్కో అందులో ఉంటుంది. విద్యుత్ పరంగా అది చిన్న కెపాసిటర్ లాగా ప్రవర్తిస్తుంది కనుక, దాన్ని తక్కువ నిరోధం ఉన్న ఇన్‌పుట్‌కు తగిలిస్తే మంద్ర స్వరాలు అక్కడే ఇంకిపోయి, పై స్వరాలు మాత్రం కీచుగా బయటకు వస్తాయి. మిక్సర్‌కు నేరుగా తగిలించినప్పుడు జి తీగ నీరసంగా, ఇ తీగ చెవులు గిల్లేలా వినిపిస్తే, తప్పు వాయిద్యానిదని తేల్చేముందు ఈ సంగతి చూడాలి. పీజోకు కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (ఇన్‌పుట్ దగ్గరి నిరోధం) ఉన్న ప్రీఆంప్ కావాలి. కొన్ని వయొలిన్లలో ఇది లోపలే ఉండి, ఎక్కువగా 9 వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది. వీటిని యాక్టివ్ అంటారు. లోపల ప్రీఆంప్ లేని పాసివ్ రకానికి విడిగా ప్రీఆంప్ పెడల్ కొనుక్కోవాలి, వయొలిన్‌కూ పెడల్‌కూ మధ్య కేబుల్ వీలైనంత పొట్టిగా ఉంచాలి. పాసివ్ రకం తక్కువదేమీ కాదు; నచ్చిన ప్రీఆంప్‌ను ఎంచుకునే స్వేచ్ఛ అందులోనే ఎక్కువ.

చేతిలోకి తీసుకుని పరీక్షించడం

దుకాణంలో పెద్ద పాటలు వాయించి చూడటం వల్ల తెలిసేది తక్కువ. రివర్బ్‌తో సహా అన్ని ఎఫెక్టులనూ ఆపేయించి, ఆంప్లిఫయర్ మీటలన్నీ మధ్యలో పెట్టించండి. ఖాళీ తీగలను జి నుంచి ఇ వరకు ఒకే కమాను వేగంతో, ఒకే ఒత్తిడితో నిదానంగా లాగండి. నాలుగూ దాదాపు ఒకే బలంతో వినిపించాలి. ఒక తీగ మాత్రం మిగతావాటి కన్నా ఉబికి వస్తుంటే బ్రిడ్జి పికప్ మీద సరిగా కూర్చోలేదని గానీ, పికప్‌లోనే లోపం ఉందని గానీ అనుమానించాలి. తరువాత కమాను పక్కన పెట్టి తీగలను వేలితో మీటండి. మీటినప్పుడు టక్కుమనే ప్లాస్టిక్ చప్పుడే ముందు వినిపిస్తే ఆ వాయిద్యంతో తరువాత చాలా తంటాలు పడవలసి వస్తుంది. జాక్‌లో ఉన్న కేబుల్‌ను మెల్లగా అటూ ఇటూ కదపండి, చిటపటలు రాకూడదు. వాల్యూమ్ మీటను సున్నా నుంచి పూర్తిగా తిప్పి చూడండి. చివరగా ఏమీ వాయించకుండా ఊరుకుని హమ్మింగ్ ఎంత ఉందో వినండి.

ఆ తరువాత శరీరానికి సంబంధించిన పరీక్ష. మామూలు వయొలిన్ బరువు అర కిలోకు లోపే. ఎలక్ట్రిక్‌ది అంతకన్నా కొంత ఎక్కువ ఉండటం మామూలే. ఆ అదనపు బరువు గడ్డం దగ్గర ఉంటే ఇబ్బంది లేదు, తల వైపు ఉంటే మాత్రం అరగంటకే ఎడమ భుజం మొర పెడుతుంది. ఎడమ చెయ్యి వదిలేసి, గడ్డం, భుజం ఆధారంతోనే కాసేపు నిలబెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. మీ షోల్డర్ రెస్ట్ (భుజం మీద ఆనించే ఆధారం) దాని అంచుకు పట్టుకుంటుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే వింత ఆకారాల వయొలిన్లలో కొన్నిటికి అది అసలు అమరదు. ఫింగర్ బోర్డు చివర తీగల ఎత్తు ఇ దగ్గర సుమారు మూడున్నర, జి దగ్గర సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. ఎత్తు ఎక్కువైందని పికప్ పొదిగిన బ్రిడ్జిని మీరే అరగదీయవద్దు. లోపలి వైరు తెగితే బ్రిడ్జి మొత్తం మార్చవలసి వస్తుంది.

ఆంప్లిఫయర్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. గిటార్ ఆంప్లిఫయర్ స్పీకర్లు సాధారణంగా 5 కిలోహెర్ట్‌జ్ పైన శబ్దాన్ని బాగా తగ్గించేస్తాయి కాబట్టి పీజో కరుకుదనం కొంత అణుగుతుంది. రాక్ తరహా నాదానికి అది సరిపోతుంది. సహజమైన వయొలిన్ నాదం కావాలంటే అకూస్టిక్ వాయిద్యాల కోసం చేసిన ఆంప్లిఫయర్ తీసుకోండి.

వాయించేటప్పుడు మారవలసినవి

ఎడమ చేతి వేళ్ల స్థానాలు, కమాను పట్టు, శ్రుతి చేసే పద్ధతి ఇవేవీ మారవు. మారవలసింది ప్రధానంగా కుడి చెయ్యి. వాల్యూమ్ బాగా పెంచితే కమాను అలా ఆనించగానే పెద్ద శబ్దం వస్తుంది గనుక చెయ్యి భయపడి తేలికైపోతుంది, నాదంలో గట్టిదనం పోతుంది. వాల్యూమ్ తక్కువైతే అదే చెయ్యి తీగను నొక్కి పిండుతుంది. అందుకే ముందుగా మీరు మధ్యస్థమైన బలంతో కమాను లాగినప్పుడు ఎంత శబ్దం కావాలో అంతకు వాల్యూమ్ స్థిరపరచి, ఆపై హెచ్చుతగ్గులన్నీ కమానుతోనే రాబట్టండి. బలంతో పాటు నాదపు రంగు కూడా మారేది కమానుతోనే. వాల్యూమ్ పెడల్ ఒక్క శబ్ద పరిమాణాన్నే మారుస్తుంది.

దీనికి ఒక సాధన చెబుతాను. ఇయర్ ఫోన్స్ పెట్టుకుని మెట్రోనోమ్‌ను నిమిషానికి 60కి ఉంచి, ఖాళీ డి తీగ మీద పూర్తి కమానును ఎనిమిది తాళాల పాటు లాగండి. మొదటి నాలుగింటిలో నాదం పెరగాలి, తరువాతి నాలుగింటిలో తగ్గాలి, కమాను దిశ మారే చోట టిక్కుమన్న చప్పుడు రాకూడదు. అకూస్టిక్ వయొలిన్‌లో పెట్టె ప్రతిధ్వనిలో కలిసిపోయే ఆ చప్పుడు ఇక్కడ పీజో పుణ్యమా అని ఉన్నదున్నట్టు చెవిలో పడుతుంది. వేళ్లు ఫింగర్ బోర్డును కొట్టే చప్పుడు, గడ్డం కదిలిన చప్పుడు, కేబుల్ చొక్కాకు తగిలిన చప్పుడు అన్నీ అలాగే వినిపిస్తాయి. కాబట్టి వేలిని తీగ మీద వేసేటప్పుడు మెత్తగా వేయడం, తీసేటప్పుడు పక్క తీగ మీటుకోకుండా నిటారుగా ఎత్తడం అలవాటు కావాలి. కమాను వెంట్రుకలకు రాసే రోజిన్ కూడా కాస్త తగ్గించండి.

స్వరస్థానం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అకూస్టిక్ వయొలిన్ డి తీగ మీద మూడో వేలితో జి స్వరం సరిగ్గా పడితే, తాకకుండానే ఖాళీ జి తీగ కూడా మోగి వాయిద్యమంతా ఒక్కసారిగా వెలుగుతుంది. స్వరం సరిపోయిందని చెవికి అదే సాక్ష్యం. గట్టి శరీరం ఉన్న వయొలిన్‌లో ఈ సాక్ష్యం చాలా బలహీనం. ఆ లోటు తీర్చుకోవడానికి, ఆక్స్ ఇన్‌పుట్ (ఫోను వంటివి తగిలించే రంధ్రం) ఉంటే దాని ద్వారా ఆధార శ్రుతిని వినిపించుకుంటూ, రివర్బ్ పూర్తిగా ఆపేసి, స్వరావళులను నిదానంగా సాధన చేయాలి. పొడినాదం చెవికి ఇంపుగా ఉండదు, కానీ తప్పు ఎక్కడుందో ఉన్నదున్నట్టు చూపేది అదే.

నాదాన్ని తీర్చిదిద్దుకోవడం

ఒక్కో స్థాయి స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో ముందు తగ్గించడం నేర్చుకోండి, పెంచడం తరువాత. నాలుగు తీగల వయొలిన్‌కు 196 హెర్ట్‌జ్ కింద స్వరం లేదు కనుక 150 దాకా ఉన్నదంతా హై-పాస్ ఫిల్టరుతో కోసేస్తే వేదిక అదురు, కమాను దడదడలు పోతాయి. 2 నుంచి 4 కిలోహెర్ట్‌జ్ మధ్య మూడు, నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే చెవులు గిల్లే కరుకుదనం చాలావరకు మెత్తబడుతుంది. పెట్టె ఇచ్చే ప్రతిధ్వని లేదు కాబట్టి కొంచెం రివర్బ్ ఇక్కడ అలంకారం కాదు, అవసరం.

డిలే, అంటే స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్టు, వాడదలచినవారు దాన్ని తాళానికి కట్టాలి. నిమిషానికి 120 తాళాల వేగంలో ఒక తాళం 500 మిల్లీసెకన్లు. అందులో ముప్పావు వంతు 375. డిలేను 375 దగ్గర పెట్టి తాళానికి రెండు స్వరాల చొప్పున సమంగా వాయిస్తే, ప్రతి స్వరం ప్రతిధ్వని మీరు వాయించే రెండు స్వరాల నడుమ ఖాళీలో వచ్చి పడి, ఇద్దరు వాయిస్తున్నారా అనిపిస్తుంది. స్వరం తప్పితే ఆ తప్పు కూడా రెండోసారి వినిపిస్తుంది. నాదాన్ని కరుకుగా మార్చే డిస్టార్షన్‌తో ఒక్కో స్వరం వాయించినా, షడ్జ పంచమాల జంట వాయించినా నాదం గంభీరంగా ఉంటుంది. షడ్జానికి గాంధారం, అంటే మూడో స్వరం, జత కలిపితే మాత్రం బురద కలిపినట్టు ఉంటుంది. పెడల్స్ వరుస విషయానికొస్తే, వయొలిన్ నుంచి ముందు ప్రీఆంప్, తరువాత వాహ్ (నాదాన్ని ‘వా’ అనిపించేది), డిస్టార్షన్, కోరస్ (పలువురు వాయించినట్టు చేసేది), డిలే, రివర్బ్, అన్నిటికన్నా చివర లూపర్ (వాయించినదాన్ని పట్టి మళ్లీ మళ్లీ వినిపించేది) అన్నది ఎక్కువమందికి సరిపోయే క్రమం.

వేదిక మీద

కేబుల్‌ను జాక్ నుంచి నేరుగా నేలకు వేలాడనివ్వకుండా బెల్టుకో షోల్డర్ రెస్ట్‌కో ఒక చుట్టు తిప్పి వదిలితే, ఎవరైనా కాలితో తొక్కినా దెబ్బ జాక్ మీద పడదు. వాల్యూమ్ సున్నాలో ఉంచి కేబుల్ తగిలించి, ఆ తరువాతే పెంచాలి. విప్పేటప్పుడు ముందు తగ్గించి ఆపై తీయాలి. కూత మొదలైతే హడావుడిగా వాల్యూమ్ తగ్గించే ముందు స్పీకరుకు ఎదురుగా నిలబడ్డారేమో చూసి ఒక అడుగు పక్కకు జరగండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. మానిటర్‌లో (వాయించేవారి వైపు తిప్పి ఉంచిన స్పీకరులో) మీ వయొలిన్ మీకు స్పష్టంగా వినబడాలని సౌండ్ ఇంజినీరును ముందే అడగండి. తన స్వరం తనకు వినిపించనప్పుడు ఎంతటివారికైనా శ్రుతి పైకి జారుతుంది, కమాను బరువెక్కుతుంది.

కచేరీ ముగిశాక కేబుల్‌ను జాక్ నుంచి తీసేయాలి. చాలా యాక్టివ్ వయొలిన్లలో కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తీగల మీదా, బ్రిడ్జి చుట్టూ పడిన రోజిన్ పొడిని మెత్తని పొడి గుడ్డతో తుడిచి, కమానును వదులు చేసి పెట్టెలో పెట్టండి. వారాల తరబడి వాయించేది లేదనుకుంటే బ్యాటరీని విడిగా తీసి ఉంచండి.