క్రాస్‌బైట్‌ను ఇంట్లోనే గుర్తుపట్టడం ఎలా?

పలువరుస సరిగ్గా ఉందో లేదో నవ్వు చూసి చెప్పలేం, కరిచినప్పుడు చూడాలి. డబ్బాకు మూత పెట్టినట్టు పై వరుస కింది వరుసను చుట్టూరా బయటినుంచి కప్పాలి. ముందు పళ్ల దగ్గర అది 2-3 మిల్లీమీటర్లు కప్పితే చాలు. పై పన్ను కింది పన్నుకు లోపలివైపు పడితే అదే క్రాస్‌బైట్. ముందు పళ్లలో ఒక్కదానికే ఉండొచ్చు, ఒకపక్క దవడపళ్లన్నిటికీ ఉండొచ్చు.

పిల్లల్ని వెలుతురులో నిటారుగా కూర్చోబెట్టండి. పళ్లు చూపించమంటే చాలామంది ముందు పళ్లు ఆనించి చూపిస్తారు, దానివల్ల ఏమీ తెలియదు. గుటక వేయించి, వెనక పళ్లు ఆనించి అలాగే ఉండమనండి. శుభ్రమైన చెంచా కాడతో బుగ్గను పక్కకు తీసి, టార్చి వేసి రెండువైపులా చూడండి.

ఇప్పుడు నోరు సగం తెరిపించండి. పై రెండు ముందు పళ్ల మధ్య గీత, కింది రెండింటి మధ్య గీత ఎదురెదురుగా ఉన్నాయేమో చూసి, మెల్లగా మూయమనండి. తెరిచినప్పుడు కలిసిన గీతలు మూసేసరికి తప్పుకుంటే కింది దవడ పక్కకు జారుతోందన్నమాట. పై దవడ ఇరుకైతే పళ్ల మొనలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. నమలడానికి కుదరక పిల్లలు తెలియకుండానే దవడను ఒకపక్కకు జరుపుకుంటారు. అందుకే క్రాస్‌బైట్ ఒకవైపే కనిపించినా ఇరుకు సాధారణంగా రెండువైపులా ఉంటుంది. ఎదిగే వయసులో ఇలా ఏళ్ల తరబడి జారితే గడ్డం కూడా ఆ పక్కకే పెరగొచ్చు. 'పాలపళ్లేగా, ఊడిపోతాయిలే' అని ఆగకూడనిది ఇక్కడే. 7 ఏళ్లకల్లా ఆర్థోడాంటిస్ట్‌కు (పలువరుస సరిచేసే డాక్టర్‌కు) ఒకసారి చూపించండి.

పై దవడను వెడల్పు చేయడానికి అంగిలి దగ్గర ఎక్స్‌పాండర్ అనే పరికరం అమరుస్తారు. మధ్యలోని స్క్రూను ఇంట్లో మీరే తిప్పాలి. ఒక్కో తిప్పుకు సుమారు 0.25 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లో డాక్టరే చెప్పాలి. స్క్రూను తిప్పే తాళంచెవికి దారం కట్టి వేలికి చుట్టుకోండి, జారినా గొంతులోకి పోదు. దాన్ని స్క్రూ రంధ్రంలో పెట్టి ముందునుంచి వెనక్కి, తర్వాతి రంధ్రం పూర్తిగా కనిపించేదాకా నెట్టండి. సగంలో ఆపితే మర్నాడు తాళంచెవి దూరదు. తీసేటప్పుడు ముందుకు లాగితే తిప్పింది వెనక్కి పోతుంది. కొన్నాళ్లకు పై ముందు పళ్ల మధ్య సందు వస్తే కంగారుపడకండి, దవడ విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు. తిప్పడం అయిపోయాక కూడా 3 నుంచి 6 నెలలు దాన్ని ఉంచుతారు. కొత్త ఎముక నిండకముందే తీస్తే మళ్లీ ఇరుకవుతుంది. 15-16 ఏళ్లు దాటాక అంగిలి మధ్య అతుకు గట్టిపడిపోతుంది. అప్పుడు ఎముకలో చిన్న స్క్రూలో, ఆపరేషనో కావాల్సి రావచ్చు.

ఒక్క ముందు పన్నే లోపలికి పడితే, పాలపన్ను ఊడకుండా అడ్డుపడిందేమో చూడండి. దాన్ని సమయానికి తీయించాలి. వదిలేస్తే ఎదురుగా ఉన్న కింది పన్ను ముందుకు నెట్టుకుపోయి దాని చిగురు కిందికి జారుతుంది.

ఎత్తుపళ్లున్న పిల్లలు పడితే దెబ్బ ముందు ఆ పళ్లకే తగులుతుంది, ఆటల్లో మౌత్‌గార్డ్ (పళ్లకు తొడిగే రక్షణ తొడుగు) వాడించండి. పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేస్తే కిందివి అంగిలికి గుచ్చుకోవచ్చు. కరిచినా ముందు పళ్లు కలవకపోతే వేలు చీకడం, నాలుకతో పళ్లను నెట్టడం ఉన్నాయేమో గమనించండి. అలవాటు మానకుండా క్లిప్పులు వేయిస్తే తీశాక సందు మళ్లీ వస్తుంది. రాత్రి గురక, నోటితో ఊపిరి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్‌కూ చూపించండి, అడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) కావచ్చు. పన్ను మీద పన్ను అదృష్టమంటారు గానీ, ఆ సందుల్లో బ్రష్ దూరక పళ్లు పుచ్చుతాయి.

8-9 ఏళ్ల వయసులో పై ముందు పళ్ల మధ్య సందు మాత్రం చాలామందిలో మామూలే. 11-12 ఏళ్లకు కోరపళ్లు దిగుతూ దాన్ని మూసేస్తాయి. తొందరపడి ఇంట్లో రబ్బరు బ్యాండు ఎప్పుడూ వేయకండి. అది కనిపించకుండా చిగురులోకి పాకి పళ్ల వేళ్ల చుట్టూ ఎముకను తినేస్తుంది, నిక్షేపంలాంటి రెండు పళ్లూ ఊడిపోయే ప్రమాదం ఉంది.