రిపేరున్న పాత ట్రాక్టరు కొనొచ్చా?

మీరొచ్చేదాకా ఇంజను వేడి చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. చల్లటి ఇంజను స్టార్ట్ చేశాక నీలిపొగ ఆగకుండా వస్తూ, బ్రీదర్ పైపు (ఇంజను లోపలి ఆవిరి బయటికెళ్లే గొట్టం) కూడా గుప్పుగుప్పున పొగ వదిలితే పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు అరిగినట్టే.

డెల్టాలో దమ్ము చేసిన బండికి అసలు పరీక్ష వెనకభాగంలోనే. ఇనుప చక్రాలైన కేజ్ వీల్స్‌తో బురదలో తిరిగితే యాక్సిల్ సీళ్లు పోయి నీళ్లు లోపలికి చేరతాయి. గేరాయిల్ చూసే డిప్‌స్టిక్ తీయండి. గేరాయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే బేరింగులు తుప్పు పట్టి ఉండొచ్చు. సీళ్లు చౌకే, ఇంజనూ గేర్‌బాక్సూ రెండూ విప్పాలంటే మాత్రం వదిలేయండి.

రోటావేటరు ఎత్తి ఇంజను ఆపండి. వెంటనే దిగిపోతే హైడ్రాలిక్ లీకుంది.

విజయవాడ ఆటోనగర్‌లో రిపేరుకయ్యే విడిభాగాల, లేబరు ఖర్చు వేరువేరుగా రాయించి, పైన నాలుగో వంతు కలపండి. బండి ధరతో కలిపి ఆ మొత్తం, బాగా నడిచే పాత బండి రేటును తాకితే కొనొద్దు. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ చూడందే అడ్వాన్సు ఇవ్వకండి.