పాత మారుతి 800లో పెట్రోల్ పైపు సమస్యలు: లక్షణం, కారణం, మరమ్మతు

మారుతి 800 తయారీ 1983 చివర్లో మొదలై 2014 ఆరంభంలో ఆగిపోయింది. అంటే అందరికంటే చివర కొన్నవాళ్ల బండికి కూడా పదేళ్లు దాటాయి. ఇంజిన్ గట్టిగానే ఉంటుంది, బాడీకి తుప్పు పడితే కనిపిస్తుంది. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పోయే పెట్రోల్ పైపును మాత్రం ఎవరూ పట్టించుకోరు. దానికి మధ్యలో ఇనుప గొట్టం, రెండు కొసల్లో రబ్బరు ముక్కలు ఉంటాయి. ముందు పాడయ్యేవి ఆ రబ్బరు ముక్కలే.

పైగా 2023 ఫిబ్రవరిలో మొదలైన ఇ20 పెట్రోల్ ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ అదే. 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా పాత రబ్బరును తయారు చేయలేదు. అది ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరినప్పుడు బీటలు వారుతుంది. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురును కూడా ఇథనాల్ కదిలించి ఫిల్టర్‌కి తెచ్చి పెడుతుంది.

కాబట్టి ఏ పైపు ముట్టుకునే ముందైనా ఒక్క విషయం తేల్చుకోండి. పాడైన చోట పెట్రోల్‌ను పంపు పీల్చుకుంటోందా, తోస్తోందా? కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే పాత రకం భాగం) ఉన్న బండిలో పంపు ఇంజిన్ దగ్గర ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు దాకా పైపు అంతా పీల్చే వైపే. అక్కడ బీట పడితే ఇంజిన్ నడిచేటప్పుడు పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద చుక్క కూడా కనిపించదు, బండి మాత్రం సతాయిస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే కొత్త రకంలో, పంపు ట్యాంకులోనే ఉంటుంది కాబట్టి పైపు అంతా తోసే వైపే. బీట పడితే పెట్రోల్ చిమ్ముతుంది. మొదటి దాంట్లో బండి దారిలో ఆగిపోతుంది, రెండో దాంట్లో నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తే

రాత్రంతా ఆగిన కార్బ్యురేటర్ బండి పొద్దున మొరాయించి, ఒకసారి అంటుకున్నాక రోజంతా బాగా నడుస్తుంటే, పీల్చే వైపు గాలి చొరబడుతోందని అనుమానించండి. పెట్రోల్ వెనక్కి జారి ట్యాంకులోకి పోతుంది, దాన్ని మళ్లీ లాగడానికి పంపుకి సమయం పడుతుంది. పారదర్శక ఫిల్టర్ ఉంటే చూడటం సులువు. ఇంజిన్ నడుస్తుండగా అందులో బుడగలు వరుసగా వస్తూనే ఉంటే గాలి పడుతున్నట్టే. ఫిల్టర్ సగమే నిండి ఉందని మాత్రం కంగారు పడకండి, చాలా బండ్లలో అది మామూలే.

ఎంపీఎఫ్ఐ బండిలో ఇదే లక్షణం ఉంటే తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేశాక వెంటనే స్టార్ట్ అయితే రాత్రిపూట ప్రెషర్ దిగిపోతోంది. పైపు లీకైనా కావచ్చు, పంపులోని వాల్వ్ అయినా కావచ్చు. ముందు పైపు చూడండి, చవకైనది అదే.

హైవే మీద పికప్ పడిపోతే

ఊళ్లో బాగుండి, 70 దాటితే ఈడుస్తుంటే మొదట ఫిల్టర్ మార్చండి. తగ్గకపోతే, అలా ఈడ్చిన వెంటనే బండి ఆపి ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. పైపుల జోలికి పోనక్కర్లేదు. ఆ శబ్దం రాకపోతే ట్యాంకు దగ్గరి రబ్బరు గొట్టాన్ని చేత్తో నొక్కి చూడండి. బయట బాగానే కనిపించి లోపలి పొర ఉబ్బి దారి మూసేసిన గొట్టాలు ఉంటాయి. విప్పి వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే తెలుస్తుంది.

మధ్యాహ్నం ఎండలో ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోతే

చల్లబడ్డాక దానంతటదే అంటుకుంటే పైపులో పెట్రోల్ ఆవిరైపోతోంది. ఎవరో మార్చిన గొట్టం పొడవు ఎక్కువై ఇంజిన్‌కో సైలెన్సర్ గొట్టానికో ఆనుకుని ఉంటుంది. రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్‌ను ట్యాంకుకి తిప్పి పంపేది) ఉన్న బండిలో దాన్ని బోల్టు పెట్టి మూసేసినా ఇదే జరుగుతుంది. ఆ పని చేసి ఉంటే వెంటనే తెరవండి.

పెట్రోల్ వాసన వస్తుంటే

దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. చుక్క కోసం వెతకడం కంటే దుమ్ము కోసం వెతకండి. పెట్రోల్ ఇట్టే ఆరిపోతుంది, కానీ చెమ్మ ఉన్న చోట దుమ్ము నల్లగా అట్టకట్టి ఉంటుంది. క్లిప్పుకి పక్కనే గొట్టాన్ని వేళ్లతో వంచి చూడండి. వంపు పైభాగంలో వెంట్రుకవాసి బీటలు నోరు తెరుస్తాయి. మామూలుగా చూస్తే అవి కనిపించవు. ఇనుప గొట్టమైతే బాడీకి పట్టించిన క్లిప్పుల కింద చూడాలి. అక్కడ బురద నిలిచి తుప్పు తినేస్తుంది.

కార్బ్యురేటర్ బండిలో ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడటం మరవొద్దు. పెట్రోల్ వాసన వస్తే పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగి పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తూ ఉండొచ్చు. అదే జరిగితే పంపు, ఆయిల్ రెండూ మార్చాలి.

ఏ గొట్టం కొనాలి

విజయవాడ ఆటోనగర్‌లో అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయినా 'పెట్రోల్ పైపు' అని మాత్రమే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. గొట్టం మీద అచ్చు వేసిన అక్షరాలు చదవండి. ఎస్ఏఈ జే30 అనేది పెట్రోల్ గొట్టాల ప్రమాణం పేరు, చివరి ఆర్ అంకె రకాన్ని చెబుతుంది. ఎస్ఏఈ జే30 ఆర్7 అంటే తక్కువ ప్రెషర్‌కి. కార్బ్యురేటర్ బండి పంపు ఇచ్చేది కొద్ది పీఎస్ఐలే (పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత) కాబట్టి ప్రెషర్ వరకు అది చాలు. ఆర్9 అంటే ఇంజెక్షన్ బండ్లకి, 100 పీఎస్ఐ దాకా ఆగుతుంది. లోపలి పొర ఫ్లోరో రబ్బరు కాబట్టి ఇథనాల్‌కీ తట్టుకుంటుంది. ఎంపీఎఫ్ఐ బండికి ఆర్9 తప్ప మరొకటి వాడొద్దు. కార్బ్యురేటర్ బండికి కూడా నేను ఆర్9నే వేయమంటాను. ధర తేడా ఉంటుంది, కానీ కావాల్సింది మీటరో రెండు మీటర్లో. ట్యాంకు లోపల పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకు ఇవేవీ పనికిరావు, దానికి ఆర్10 రకం ఉంది.

గ్యాస్ స్టవ్ ట్యూబ్, అక్వేరియం ట్యూబ్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పెట్రోల్ తగిలితే అక్వేరియం ట్యూబ్ ప్లాస్టిక్ కొన్నాళ్లకే గట్టిపడి కుదించుకుపోతుంది, క్లిప్పు కింద వదులవుతుంది.

సైజుకి పాత గొట్టాన్ని కొలవకండి, అది ఉబ్బి ఉంటుంది. ఇనుప పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. 6 మిల్లీమీటర్ల పైపుకి 8 గొట్టం వేసి క్లిప్పు బిగించి సరిపెట్టడం చాలా షెడ్లలో చూస్తాం. అలా బిగిస్తే గొట్టం మడత పడుతుంది, ఆ మడతలోంచి గాలి పోతుంది.

క్లిప్పులు, జాయింట్లు

స్క్రూతో బిగించే మామూలు క్లిప్పు పట్టీకి గాళ్లు ఉంటాయి. సన్న గొట్టాన్ని అవి కోసేస్తాయి. అంచులు మడిచి, పట్టీ నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు తీసుకోండి. చుట్టూ సమానంగా నొక్కుతాయి.

ఇనుప పైపు తుప్పు పడితే ఆ ముక్క కోసి రబ్బరు తొడగొచ్చు. అయితే కోసిన కొసకి చుట్టూ ఉబ్బెత్తు అంచు కొట్టించాలి, లేకపోతే ప్రెషర్‌కి గొట్టం జారి ఊడుతుంది. తుప్పు చాలా మేర ఉంటే పూర్తి పైపు మార్పించండి. బండి కింద ట్యాంకు నుంచి ముందు దాకా రబ్బరే లాగేయడం పెద్ద తప్పు. రాయి తగిలినా, ఎలుక కొరికినా అడ్డుకునేది ఏమీ ఉండదు. రాగి గొట్టం సులువుగా వంగుతుందని కొందరు వేస్తారు, అదురుకి అది పెళుసెక్కి విరుగుతుంది. ఉక్కు గానీ, రాగి-నికెల్ మిశ్రమం గానీ మేలు.

నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అక్కడ లీకును ఆపేది మరలు కాదు, ఒకదానికొకటి ఆనే లోహపు ముఖాలు. టేపు పోగులు తెగి కార్బ్యురేటర్ జెట్‌లోకి (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలోకి) చేరతాయి. రాగి వాషర్లు ఉంటే ప్రతిసారీ కొత్తవే వేయండి.

బిగించే పద్ధతి

ఆరుబయట, ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక చేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గుంతలోకి దిగి నిలుస్తుంది. అందుకే షెడ్డు గుంతలో ఈ పని వద్దు. పొడి మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి. ఎంపీఎఫ్ఐ అయితే పంపు ఫ్యూజ్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే ఆగేదాకా ఉంచండి. తర్వాత బ్యాటరీ మైనస్ తీయండి. విప్పేటప్పుడు జాయింట్ మీద గుడ్డ కప్పండి, మిగిలిన ప్రెషర్ కళ్లలోకి చిమ్మకుండా.

గొట్టాన్ని రంపంతో కాకుండా పదునైన బ్లేడుతో అడ్డంగా, వాలు లేకుండా కోయండి. లోపలి పొడి ఊదేసి, పైపు మీదికి 25 మిల్లీమీటర్ల దాకా ఎక్కించండి. క్లిప్పు ఉబ్బెత్తుకి అవతల కూర్చోవాలి, దాని మీద కాదు. ఫిల్టర్ మీది బాణం ఇంజిన్ వైపు ఉండాలి. ఒక ముక్క పాడైతే మిగతా రబ్బరు ముక్కలనూ అదే రోజు మార్చండి, వాటి వయసూ అంతే.

స్టార్ట్ చేసే ముందు ఎంపీఎఫ్ఐలో తాళం నాలుగైదుసార్లు ఆన్-ఆఫ్ చేసి, ప్రతి జాయింట్ కింద టిష్యూ కాగితం ఆనించి చూడండి. తడి మచ్చ పడితే బిగింపు సరిచేసి మళ్లీ చూడండి. కార్బ్యురేటర్ బండిలో ఇంజిన్ నడుస్తుండగా తోసే వైపు ఇదే పరీక్ష చేయండి. పీల్చే వైపు ఫిల్టర్ బుడగలే సాక్ష్యం. వారం తిరిగాక చల్లటి ఇంజిన్ మీద క్లిప్పులు మరోసారి చూడండి. కొద్దిగా బిగించాల్సి రావడం సహజం. స్క్రూ చుట్టుకి చుట్టు తిరుగుతూనే ఉంటే గొట్టం సైజు తప్పింది, విప్పి సరైనది వేయండి.