ఇంట్లోని ఫైకస్ బోన్సాయ్ ఆకులు పసుపెక్కి రాలుతుంటే

ఇంటిలోపల పెంచే బోన్సాయ్‌లలో తరచుగా కనిపించేది ఫైకస్, అంటే మన మర్రి, రావి, మేడి చెట్ల వర్గానికి చెందినది. లావుపాటి వేళ్ళతో, ‘జిన్‌సెంగ్’ అనే పేరుతో అమ్ముడయ్యేది ఫైకస్ మైక్రోకార్పా. వాలిన సన్నని కొమ్మలు, మొన సాగిన ఆకులు గలది ఫైకస్ బెంజమినా. రెండూ మొండి చెట్లే. అయినా ఆకులు పసుపెక్కగానే కంగారుపడి మరికాసిని నీళ్ళు పోసి, ఎరువు వేసి, కుండీని వేరే గదిలోకి మార్చి, మూడు పనులూ ఒకే రోజున చేసేవారికి అసలు కారణం ఏదో ఎన్నటికీ తెలియదు. ముందుగా చేయవలసింది పరిశీలన.

కొమ్మల చివర్లలో చిగుళ్ళు బాగానే వస్తూ, లోపలివైపు ముదురాకులు రెండు మూడు మాత్రమే పండి రాలుతుంటే అది సహజం. చోటు మారిన కొద్ది రోజులకు పచ్చటి ఆకులు సైతం రాలితే, ముఖ్యంగా బెంజమినాలో, అది వెలుతురు మారినందుకు చెట్టు చూపే స్పందన. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే చెట్టుకు ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో అది ఉన్నా, క్షారగుణం గల నీటివల్లనో దెబ్బతిన్న వేళ్ళవల్లనో చెట్టు తీసుకోలేకపోవచ్చు. ఆకు ఎండి, గలగలమంటూ రాలితే దాహం. మెత్తగా పసుపెక్కిన ఆకు తాకగానే ఊడివస్తూ, మట్టి మాత్రం తడిగానే ఉంటే నీరు ఎక్కువైంది.

ఈ చివరి సందర్భమే చాలామందిని మోసం చేస్తుంది. వేళ్ళకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల నడుమ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి, కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు కనుక తడిమట్టిలోనే చెట్టు దాహంతో ఉన్నట్టు వాడుతుంది. పైగా ఆకులు రాలినకొద్దీ చెట్టు తాగే నీరు తగ్గుతుంది. నిండుగా ఆకులున్నప్పుడు సరిపోయిన నీరే సగం ఆకులు పోయాక అధికమై, మిగిలిన ఆకులను కూడా రాల్చేస్తుంది. అందుకే ‘రోజు విడిచి రోజు’ వంటి లెక్క ఫైకస్‌కు పనికిరాదు. సన్నని చెక్కపుల్లను మట్టిలోకి రెండు మూడు సెంటీమీటర్లు గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల తడిసి ముదురు రంగులో ఉంటే ఆగండి. దాదాపు పొడిగా వస్తే అడుగు రంధ్రాలనుంచి కారేదాకా మట్టంతటా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. పూర్తిగా ఎండిన మట్టి నీటిని లోపలికి పోనివ్వదు. అటువంటప్పుడు కుండీని నీళ్ళతొట్టిలో, బుడగలు ఆగేవరకు ముంచి ఉంచాలి. ఆకులమీద నీళ్ళు చిలకరించడం దీనికి బదులు కాదు.

కొన్ని కుండీలలో మట్టిపైన గులకరాళ్ళను జిగురుతో అతికించి అమ్ముతారు. చూడటానికి ముచ్చటగా ఉన్నా నీరు సరిగా ఇంకనివ్వని ఆ పొరను మొదటిరోజే ఊడదీయడం మంచిది.

మట్టి పులిసిన వాసన వేస్తే చెట్టును బయటికి తీసి చూడవలసిందే. గట్టిగా ఉన్న వేరు ఆరోగ్యమైనది. నల్లబడి, నొక్కితే చితికి, పైతోలు జారిపోయేదాన్ని శుభ్రమైన కత్తెరతో కోసేయాలి. మామూలుగా కుండీ మార్పు చెట్టు చురుకుగా పెరిగే వెచ్చని కాలంలో చేయవలసినదే కానీ, కుళ్ళు పట్టిన వేళ్ళు అంతవరకు ఆగవు. జల్లించి ధూళి తీసేసిన ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావారాయి, అకడమా (జపాన్ బంకమట్టి గుళికలు) వంటి మూడునుంచి ఆరు మిల్లీమీటర్ల గరుకు రేణువులలో నాటి, చెట్టు కదలకుండా తీగతో కుండీకి కట్టండి. కదిలే చెట్టుకు కొత్త పీచువేళ్ళు తెగిపోతాయి.

వెలుతురు విషయంలో రాజీ కూడదు. కిటికీనుంచి మీటరు లోపలికి జరిగితేనే కాంతి బాగా తగ్గిపోతుంది, మన కళ్ళకు ఆ తేడా తెలియదు. మంచి కిటికీ లేకపోతే మొక్కల ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు పన్నెండు గంటలకు పైగా వెలిగించవచ్చు. ఏసీ గాలి, హీటరు వేడి నేరుగా తగలకుండా, పదిహేను డిగ్రీలకంటే చల్లబడని చోటు ఎంచుకుని, ఇక కదపకండి.

ఆకుల అడుగున సన్నని చుక్కలు, సాలెగూడు పోగులు కనబడితే మొక్కల రసం పీల్చే ఎర్రనల్లి, జిగురుగా ఉంటే పొలుసుపురుగు లేక పిండినల్లి ఉన్నట్టు. తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన పలుచని సబ్బునీటిని వారానికొకసారి కొట్టాలి.

ఆకులన్నీ రాలినా ఆశ వదులుకోనక్కరలేదు. చిన్నకొమ్మ బెరడును గోటితో కొద్దిగా గీకండి; లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. కారే పాలు చర్మానికి దురద పుట్టించవచ్చు కనుక చేయి కడుక్కోండి. చిగుళ్ళు రావడానికి నెలకు పైగా పట్టవచ్చు. ఆలోగా కొమ్మలు కత్తిరించకుండా, ఎరువు వేయకుండా ఉండి, కొత్త ఆకులు ముదిరాకే సగం మోతాదుతో ఎరువు మొదలుపెట్టాలి.